తాత్కాలికం అన్న మాట

భోజనాలయ్యాక ఆఫీసు మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటరు గదిలో ఇద్దరే ఉన్నారు: సీనియర్ ఆపరేటరు, ఫైళ్ల విభాగం నుంచి ఈ వారమే ఇటు మారిన ఉద్యోగిని.

"అక్కా, నా డిస్కు కనబడటం లేదు."

"ఏ డిస్కు?"

"పొద్దున మీరు నేర్పారే, మెమరీలోనే తయారుచేసుకునేది. చిరునామాలన్నీ దాంట్లోనే దిద్దాను. ఎంత వేగంగా నడిచిందో!"

"అసలు డిస్కు మీదికి కాపీ చేశావా?"

"తినొచ్చి చేద్దామనుకున్నా."

"వెళ్తూ వెళ్తూ ఏం చేశావు?"

"లాగాఫ్ చేశాను. కుర్చీ వదిలితే లాగాఫ్ చెయ్యమని గోడ మీద నోటీసుంది కదా."

"కొంప ముంచావు తల్లీ! లోపల పని నడుస్తుండగానే తెర మాత్రం వదిలేసి, అంటే డిస్‌కనెక్ట్ చేసి వెళ్లుంటే అలాగే ఉండేది. లాగాఫ్ అయ్యావంటే దానికి నూకలు చెల్లినట్టే."

"బ్యాకప్‌లో ఉండదా?"

"నిజం డిస్కుకైతే బ్యాకప్. ఇది నీళ్ల మీద రాత."

"నాలుగు వందల చిరునామాలక్కా. కళ్లలో వత్తులేసుకుని దిద్దాను."

"నాకు మాత్రం ఓపికుందా, మళ్లీ మొదట్నుంచి నీ పక్కన కూర్చుని చూడ్డానికి? అది తాత్కాలికం అని చెప్పానా లేదా?"

"చెప్పారు. రెండుసార్లు."

"మరి?"

"నా ఐడీ కార్డు మీద కూడా అదే మాట ఉందక్కా. పదకొండేళ్లయింది. రోజూ సాయంత్రం ఇంటికెళ్తున్నా, పొద్దున్నే వస్తున్నా. ఇక్కడ ఆ మాటకి అర్థం లేదనుకున్నా."