కుర్చీల కింద కొవ్వొత్తులు

నేను ఇంతవరకూ ఏదీ రాయలేదు. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. రాయడమంటే నాకు ఫెలిచా అక్క చెప్పినట్టు ఆ రోజు చారు ఏమిటో పలక మీద రాసి గుమ్మానికి తగిలించడమే. ఇప్పుడెందుకు కూర్చున్నానంటే, నేను రాయకపోతే దీన్ని అంబ్రోజీ గారు చెబుతారు. ఆయన నోట పడ్డాక జరిగింది ఏదో నేనే గుర్తుపట్టలేను.

ఫెలిచా అక్క చారు హోటలు ఫైరింజన్ హాలుకి ఎదురుగా ఉంటుంది. నేను పొయ్యి పక్కన కూర్చుని బీట్‌రూట్లు చెక్కు తీస్తాను. ఎవరితోనూ పెద్దగా మాట్లాడను. ఆ అవసరమూ రాదు, అంబ్రోజీ గారు రోజూ సాయంత్రం వచ్చి అందరి బదులూ ఆయనే మాట్లాడేస్తారు. రైల్వేలో సిగ్నళ్ళ దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. ఆయన భార్య లెయొకాద్యా గారు కిటికీ పక్క బల్ల దగ్గర, ఇంటికని చారు పోయించుకున్న గిన్నె ముందు పెట్టుకుని, ఆయన మాటలు ఎప్పుడైపోతాయా అని కూర్చుంటారు. యుద్ధం అయ్యాక సరిహద్దు జరిగినప్పుడు తూర్పు నుంచి మా ఊరొచ్చారు ఇద్దరూ. మంచాలు అక్కడే వదిలేసి రైలు పెట్టెలో పియానో ఎక్కించుకొచ్చారని మా అమ్మ విడ్డూరంగా చెప్పేది.

ఆవిడ మా ఊళ్ళో నలుగురి ముందు వాయించింది ఒక్కసారే, పోయినవాళ్ళకి కొవ్వొత్తులు వెలిగించే సమాధుల పండగ సాయంత్రం, ఫైరింజన్ హాల్లో. ఆ తర్వాత పియానో మూత తీయలేదు. పట్నం మనిషి, మనం ఆనలేదు కాబోలు అనుకున్నాం మేమంతా. అంబ్రోజీ గారు మాత్రం ఆ ఒక్క సాయంత్రాన్నీ ఇన్నేళ్ళుగా చెబుతూనే ఉన్నారు.

మొన్న చలి మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం ఆయన వస్తూనే ఫెలిచా అక్క దగ్గర గొంతు తగ్గించి, "రేపు పొద్దున పియానో వెళ్ళిపోతోంది" అన్నారు.

"అయ్యో, ఎక్కడికండీ?"

"ఎవరో కొనుక్కున్నారు. బండి వస్తుంది. గదిలో చోటు తినడం తప్ప అదేం చేస్తోంది అంటుంది ఈవిడ. నా మాట వింటేనా."

కిటికీ దగ్గర ఆవిడ విననట్టే గిన్నె మూత సరిచేసుకున్నారు.

పాత పోస్ట్‌మాన్ హిలారీ ఆయన్ని ఉత్సాహపరుద్దామనో ఏమో, ఎప్పటిలాగే కదిపాడు. "అయితే అంబ్రోజీ, ఆ రోజు మొదటి వరసలో ఏదో అయిందన్నావే?"

"అవడమా? నేను పేజీలు తిప్పుతున్నాను కదా ఈవిడ పక్కన నుంచుని, నాకా గీతలూ గుర్తులూ చదవడం రాదు, ఈవిడ గడ్డం ఊపాలి, నేను తిప్పాలి, సిగ్నలు చూసి రైలు వదిలినట్టు, అంతే. రెండో పేజీ తిప్పానో లేదో, మందుల షాపాయన భార్య కంటి కొస ఇలా వేలితో ఒత్తుకుంది. నేనేమీ ఎక్కువ చెప్పను. ఒక్క చుక్క. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"రెండో చుక్క" అన్నాడు హిలారీ.

"కాదు, మందుల షాపాయన. ఆవిడ రుమాలు అడిగితే ఇవ్వడానికి లేదు, అప్పటికే అందులో ఆయన మొహం ఉంది. వాళ్ళ వెనక మాంసం కొట్టు మనిషి, పుట్టి బుద్ధెరిగాక పందుల్ని కొయ్యడమే తెలిసినవాడు, అమ్మా అమ్మా అని ఒకటే ఏడుపు, పక్కనే వాళ్ళమ్మ కూర్చుని ఇక్కడే ఉన్నాను కదరా అంటున్నా ఆపడే. రుమాళ్ళు చాల్లేదు. తలగుడ్డలయ్యాయి, కిటికీ తెరలయ్యాయి. నీళ్ళు కుర్చీ కాళ్ళు దాటాయి. హాలు ఫైరింజన్ వాళ్ళది కాబట్టి సరిపోయింది, పంపు దించి పైపు కిటికీలోంచి బయట పెట్టారు, కానీ ఆ పంపు కొట్టేవాళ్ళూ ఏడుస్తున్నారాయె, బయటికి పోయినంతా మళ్ళీ లోపల నిండుతోంది."

"పియానో తడవలేదా మరి?" అంది ఫెలిచా అక్క.

"తేలింది. అది తేలుతుంటే ఈవిడ వాయిస్తోంది, నేను ఒక చేత్తో దాన్ని పట్టుకుని ఇంకో చేత్తో పేజీ తిప్పుతున్నాను, చూపు మాత్రం గడ్డం మీంచి తీయలేదు. అలవాటైన పని. ఆ నీళ్ళన్నీ పోయి విస్తులా ఏట్లో పడ్డాయి. ఏరంతా ఉప్పన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బాల్టిక్ సముద్రంలో హెర్రింగ్ చేపలు, ఇదేదో మన ఇల్లే అనుకుని, ఎదురీదుకుంటూ మన వంతెన కిందికొచ్చి దిగాయి. క్రిస్మస్ దాకా ఈ ఊళ్ళో చేప కొన్నవాడు లేడు. ఫెలిచా, నువ్వే చెప్పు, ఆ చలికాలం చారులో ఉప్పు వేశావా?"

"అప్పటికి నాకీ హోటలే లేదు కదండీ."

"అదే నేనూ చెప్పేది, వెయ్యలేదుగా. ఇంకా విను. కొండ మీద సమాధుల్లో పాత మేయరు లేచి కూర్చుని పక్కవాణ్ణి తట్టాడట, మనవాళ్ళెవరూ ఇంకా రాలేదేంట్రా, పద, మనమే వెళ్దాం అని. అంతా దిగొచ్చారు. చోటు లేక హాలు వెనక నుంచున్నారు, టోపీలు తీసి చేత్తో పట్టుకుని."

ఆ మాట దగ్గర నాకు ఎప్పుడూ నవ్వు రాదు. ఎందుకో తర్వాత రాస్తాను. రోజూ అయితే కథ అక్కడ ఆగుతుంది, హిలారీ నవ్వుతాడు, అంబ్రోజీ గారు టోపీ పెట్టుకుంటారు. ఆ రోజు మాత్రం లెయొకాద్యా గారు తలగుడ్డ ముడి వేసుకుంటూ లేవబోతున్నారు, ఆయన అది చూసి తొందరపడ్డారు.

"కూర్చో కూర్చో, అవలేదు. ఆ తర్వాత చప్పట్లు. బతికున్నవాళ్ళూ చచ్చినవాళ్ళూ కలిసి కొట్టారు. పైన సున్నం రాలింది. పావురాలు పక్క ఊరికి కాపురం మార్చేశాయి. స్టేషన్లో రైలు ఆ మోతకి బెదిరి నా జెండా కూడా చూడకుండా..."

ఇన్నేళ్ళ కథలో చప్పట్లు ఎప్పుడూ లేవు. అవి ఆ రోజే వచ్చాయి.

"అంబ్రోజీ, ఇంక చాలు" అన్నారు ఆవిడ మెల్లగా. "నేనూ అక్కడే ఉన్నాను."

ఆవిడ లేచి నుంచున్నారు. ఆ మాట విన్నాక నా నోరు దానంతట అదే తెరుచుకుంది.

"చప్పట్లు కొట్టలేదండీ" అన్నాను.

అంబ్రోజీ గారి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. నా చేతిలో సగం చెక్కిన బీట్‌రూట్ ఉంది. దాన్నే చూస్తూ చెప్పాను. "ఎవరూ కొట్టలేదు. ఆ రోజు మేం కొట్టం."

"కొట్టం అంటే ఏంటి గేన్యా?" అని అడిగారు లెయొకాద్యా గారు.

"పోయినవాళ్ళ కోసం వాయించిన రోజు కొట్టకూడదండీ మా ఊళ్ళో. ఎవరు వాయించినా అంతే. తల వంచుకుని లేచి, మాట్లాడకుండా సమాధుల దగ్గరికి పోతాం. కొవ్వొత్తులు ముందే తెచ్చి కుర్చీల కింద పెట్టుకుంటాం, మళ్ళీ ఇంటికెళ్ళే పని లేకుండా."

"అది అందరికీ తెలిసిందే కదా" అంటూ ఫెలిచా అక్క ఆగిపోయింది. "మీకు తెలీదా అమ్మా?"

ఆవిడ మళ్ళీ కూర్చున్నారు. "నేను లేచి వాళ్ళకి తల వంచాను. ఒక్కరూ నావైపు చూడలేదు. అందరూ గుమ్మం వైపు నడిచిపోయారు. మా దగ్గర అలా లేచిపోతే దానికి ఒకటే అర్థం. వెనక తలుపులోంచి ఇంటికొచ్చేశాను."

"మీరు కాసేపుండి ఉంటే బాగుండేదండీ" అన్నాను. "నేను మా అమ్మతో వచ్చాను. మా అమ్మ దారి పొడుగునా ఎవరో ఒకర్ని తిట్టకుండా నడిచే మనిషి కాదు. ఆ రోజు కొండెక్కేదాకా మాట లేదు, నా చెయ్యి పట్టుకుంది. నాన్న సమాధి దగ్గర వంగితే చేతిలో కొవ్వొత్తి లేదు. నా చేతిలోనూ లేదు. పక్కన మందుల షాపు వాళ్ళ దగ్గరా లేదు. ఎక్కడ చూసినా చీకటి. మొత్తం అందరివీ కుర్చీల కిందే ఉండిపోయాయి. పోయినవాళ్ళు చీకట్లో ఎదురుచూస్తుంటే ఊరంతా మళ్ళీ కొండ దిగొచ్చి హాలు తీయించుకుంది. అంతకుముందు ఎప్పుడూ అలా అవలేదు. తర్వాతా అవలేదు."



"ఏడ్చారా?" అన్నారు అంబ్రోజీ గారు. అంత చిన్న గొంతు ఆయనకుందని నాకు తెలీదు. "ఒక్కరైనా?"

"నేను చూడలేదండీ. మా అమ్మ మాత్రం దిగేటప్పుడు కూడా చెయ్యి వదల్లేదు."

"మరి ఇన్నేళ్ళలో నాకొక్కరూ చెప్పలేదేం?"

"నువ్వెక్కడ సందిచ్చావయ్యా" అన్నాడు హిలారీ.

లెయొకాద్యా గారు ఎవరినీ చూడకుండా లేచి వెళ్ళిపోయారు. ఆయన వెనకాలే పరుగు. బల్ల తుడవడానికి వెళ్తే ఆవిడ చారు గిన్నె అక్కడే ఉంది. మర్చిపోయారు.

మర్నాడు పొద్దున ఆ చారు వేడిచేసి, గిన్నెకి గుడ్డ చుట్టి వాళ్ళింటికి పట్టుకెళ్ళాను. గేటు ముందు గుర్రబ్బండి ఉంది. తాళ్ళు భుజాన వేసుకున్న ఇద్దరు మనుషులు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. లోపలి నుంచి పియానో వినిపిస్తోంది. శ్రుతి పోయింది దానికి. కొన్ని మీటలు అసలు పలకడం లేదు. ఒకచోట వేళ్ళు తడబడితే ఆవిడ ఆగి, కొంచెం వెనక్కెళ్ళి అందుకున్నారు. నేను గేటు దాటలేదు, గిన్నె పట్టుకుని అక్కడే నుంచున్నాను. అది అయిపోయింది.

ఆ రోజు సమాధుల పండగ కాదు. గిన్నె మంచులో పెట్టి చప్పట్లు కొట్టాను.

బండివాళ్ళు తల తిప్పి చూశారు. రోడ్డు మీద పోయేవాళ్ళూ చూశారు. నాకు సిగ్గేసింది కానీ ఆపలేదు. కిటికీ తెరుచుకుంది. అంబ్రోజీ గారి తల కనిపించింది. పియానో ఎక్కించమంటారా అని బండివాడు అడిగితే, ఆయన వద్దని చెయ్యి ఊపారు. సిగ్నలు ఇచ్చినట్టే ఊపారు.

"చాలు గేన్యా" అన్నారు లెయొకాద్యా గారు ఆయన వెనక నుంచి. "చూడు, చేతులెంత ఎర్రగా కందిపోయాయో."

"అది బీట్‌రూట్ రంగండీ" అని ఇంకా కొట్టాను.