నోరు తెరిచేలోపే

అచ్చాపీసులో తమ్ముడు కొత్త కంప్యూటర్ మూత విప్పి, అందులో పాత నెట్‌వర్క్ కార్డు బిగించి కూర్చున్నాడు. పక్కనే కుర్చీలో, పక్షవాతంతో మాట తడబడుతున్న నాన్న.

"ఆ పాత కార్డు చచ్చిందిరా, పారెయ్," అంది అక్క.

"చావలేదక్కా. ఈ కొత్త కంప్యూటర్‌కే తొందరెక్కువ. 'ఉన్నావా?' అని అడుగుతుంది, కార్డు నోరు తెరిచేలోపే లేదనుకుని ముందుకెళ్లిపోతుంది."

"మరిప్పుడెలా?"

"కంప్యూటర్ వేగం కాస్త తగ్గించా. చూడు, పలికింది."

"హమ్మయ్య! ఉండు, టీ తెస్తా. నాన్నా, నీకేం కావాలి? టీయేలే."

"అక్కా, ఆగు. నాన్నని చెప్పనీ."

"ఎప్పుడూ టీయే కదరా."

"ఆగక్కా, ఒక్క క్షణం."

నాన్న పెదవులు చాలాసేపు కదిలాయి.

"కా... కాఫీ."

"అయ్యో, నా మతి మండా! ఆర్నెల్లుగా టీయే పోస్తున్నానురా!"