పుస్తకం గొంతు, ఇంటి గొంతు

పంతొమ్మిది వందల తొంభై ఒకటవ సంవత్సరం జూలై నెల ఎనిమిదవ తేదీ, సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు, చూపులేని పాఠకుల కోసం పుస్తకాలను చదివి రికార్డు చేసే మన శ్రవణ గ్రంథాలయంలో, నేడు పదవీ విరమణ చేయుచున్న మన ధ్వని సాంకేతికులు విధులలో చేరినారు. ఆ ఉదయం వారు రికార్డింగు గది తలుపు తోయబోగా, తోయవద్దని చేయి అడ్డుపెట్టిన మనిషిని నేనే. లోపల చదువు సాగుతూ ఉండగా వసారాలో దగ్గేవారిని, చెప్పులు ఈడ్చేవారిని అదలించడం, గదిలో ఫ్యాను ఆపడం, తలుపు మీది ఎర్ర దీపం వెలిగించడం అప్పటికి ఆరేళ్ళుగా నా ఉద్యోగం.

"నేను ఇక్కడ పనికి వచ్చానండీ" అన్నారు వారు, చెవి దగ్గరకు వంగి, గుసగుసగా.

"పనికొచ్చే మనిషేలే, గుసగుస వచ్చు" అన్నాను. ఆ మాట ముప్పైనాలుగేళ్ళలో ఒక్కసారి కూడా వెనక్కి తీసుకోవలసిన అవసరం రాలేదని ఈ సంచికాముఖంగా సవినయంగా తెలియజేసుకుంటున్నాను. ఐదో తరగతితో బడి మానేసిన నాకు ఇన్ని పెద్ద మాటలు ఎక్కడివని మన గ్రంథాలయ కుటుంబ సభ్యులు ఆశ్చర్యపడవద్దు. నలభై ఏళ్ళు తలుపు పక్కన కూర్చుని పుస్తకాలు విన్నదానికి ఆ మాత్రం అంటకుండా ఎలా ఉంటుంది.

వారిని ఇక్కడికి తెచ్చినది వారి అక్కగారు. ఉదయం బడిలో పాఠాలు చెప్పి, మధ్యాహ్నం మనకు చదువరిగా వచ్చేవారు. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచినది కూడా ఆవిడే. చిన్నప్పుడు చెవులు చేటలంత ఉండేవని ఆవిడ పెట్టిన పేరు చెవులోడు. మనం దానికి కాస్త గౌరవం అద్ది చెవులాయన అన్నాము. ఆవిడ అద్దలేదు. గదిలోనుంచి, మైకులోనుంచి, "ఒరేయ్ చెవులోడా, ఈ పేజీ మళ్ళీ చదవాలా?" అని అడిగితే వసారా అంతా వినబడేది.

తొలి పదేళ్ళు టేపుల కాలం. తప్పు చదివిన చోట టేపును బ్లేడుతో కోసి, అంటించి, అతుకు వినబడకుండా చేయడంలో వారిని మించినవారు లేరు. తరువాత కంప్యూటర్లు వచ్చాయి. రెండు వేల నాలుగులో, ఏటా అనుమతి కొనుక్కుంటే తప్ప తెరుచుకోని పాత ప్రోగ్రామును పక్కనపెట్టి, ఎవరైనా వాడుకోదగిన, లోపల ఏముందో విప్పి చూడదగిన, ఉచిత ప్రోగ్రామైన లినక్స్‌ను మన కార్యాలయంలో ప్రవేశపెట్టిన ఘనత సంపూర్ణంగా వారిదే.

ప్రవేశపెట్టిన మొదటి మూడు రోజులూ ఆ యంత్రం కిక్కురుమనలేదు. తీగలు మార్చారు, స్పీకర్లు మార్చారు, నన్ను కూడా కుర్చీతో సహా పక్కకు మార్చారు. అధికారిగారు వచ్చి, "ఏమయ్యా, పలికేదాన్ని తీసి మూగదాన్ని తెచ్చావా?" అన్నారు. మూడో రోజు సాయంత్రం వారు నల్లటి తెర మీద నిట్టనిలువు గీతల వరుస ఒకటి తెరిచి, ఒక్కొక్క గీత కిందా ఉన్న గుర్తును చూసి, నుదురు కొట్టుకున్నారు.

"వదినగారూ," అన్నారు నాతో, అక్కాతమ్ముళ్ళిద్దరికీ నేను వదిననే, "ఇది మూగది కాదు. పెట్టినప్పుడే ధ్వని వెళ్ళే అన్ని దారులూ మూసిపెట్టుకుని కూర్చుంది. మనం తెరవమని అడగలేదు, అది తెరవలేదు."

"మరి మూడు రోజులు తీగలెందుకు పీకారు?"

"తెలివి ఎక్కువై" అన్నారు. ఆనాటినుంచి ఏ యంత్రం పలకకపోయినా వారు ముందు తీగ ముట్టుకునేవారు కాదు. ఏ దారి మూసి ఉందో, ధ్వనిని ఏ పెట్టెకు పంపుతోందో చూసి, ఆ తరువాతనే లేచేవారు.

మైకు ధ్వనిని కంప్యూటరుకు అందించే సౌండ్ బాక్సు కొనవలసివచ్చినా అదే నిదానం. తమ లినక్స్ ఉన్న చిన్న కంప్యూటరును చంకన పెట్టుకుని దుకాణానికి వెళ్ళి, పెట్టె విప్పించి, తగిలించి, మాట్లాడి, విని, మళ్ళీ మాట్లాడేవారు. "సార్, కొంటారా, ఇక్కడే కాపురం పెడతారా?" అని దుకాణదారు అడిగేవాడు. "పైన పేరు ఒకటే బాబూ, పోయినేడు దీని లోపల చిప్పు వేరు, ఈ ఏడు వేరు. పేరు చూసి కొంటే మా ఇంట్లో పలకదు" అని వారి సమాధానం. తనకంటూ వేరే డ్రైవరు ప్రోగ్రాము అడగకుండా, తగిలించగానే పలికేదే మంచి పెట్టె అని వారి సిద్ధాంతం. నాకు అల్లుళ్ళను ఎంచుకునేటప్పుడు ఈ సిద్ధాంతం తెలిసి ఉంటే బాగుండేదని ఒకసారి అన్నాను.

ఇక శుభ్రం సంగతి. చదువరి ఎంత బాగా చదివినా మధ్యలో ఊపిరి పీల్చడం, పుట తిప్పడం, తడబడడం, నవ్వడం ఉంటాయి. వారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుని ఒక్కొక్క ఊపిరినీ బియ్యంలో రాయిలా ఏరేసేవారు. శుభ్రమైన ప్రతి తయారు కాగానే అసలు ప్రతిని చెరిపివేయాలని నియమం పెట్టి, గోడకు అంటించినది కూడా వారే. డిస్కులలో చోటు చాలేది కాదు, ఆ నియమంలో తప్పేమీ లేదు. అక్కగారు ఇరవై ఏడేళ్ళలో రెండు వందల పదకొండు పుస్తకాలు చదివారు. వాటిలో ఒక్క దగ్గు లేదు, ఒక్క నిట్టూర్పు లేదు. చూపులేని పాఠకులు ఎందరో ఆ గొంతును ముత్యాల వరుసతో పోల్చి ఉత్తరాలు వ్రాయించారు.

రెండు వేల పద్దెనిమిదిలో అక్కగారి గొంతుకు శస్త్రచికిత్స జరిగి, స్వరపేటికను తీసివేయవలసివచ్చింది. ప్రాణం దక్కింది, మాట దక్కలేదు. చేతికి పలక వచ్చింది. బడిపంతులమ్మ కదా, పలక మీద దస్తూరి మాత్రం ఎక్కడా తగ్గలేదు, తిట్లు కూడా గుండ్రంగా ఉండేవి.

మూడేళ్ళ క్రితం ఒక ఆదివారం నేను వారింటికి వెళ్ళేసరికి, వంటింటి బల్ల మీద చిన్న స్పీకరు పెట్టి, తమ్ముడుగారు ఆవిడకు ఆవిడ చదివిన పుస్తకాలే ఒక్కొక్కటిగా వినిపిస్తున్నారు. ఆవిడ రెండు నిమిషాలు వినడం, తల అడ్డంగా ఊపడం. మరొకటి పెట్టడం, మళ్ళీ ఊపడం. చివరికి పలక తీసుకుని వ్రాశారు: "ఇది పుస్తకం గొంతు. నిన్ను తిట్టిన గొంతు కావాలి."

వారు స్పీకరు ఆపారు. "లేదక్కా" అన్నారు. "నేనే తీసేశాను."

ఇంట్లో ఎవరూ ఎన్నడూ రికార్డు చేయలేదు. పొద్దస్తమానం ఆ పనే చేసేవారు ఇంటికి వెళ్ళి మళ్ళీ మైకు పెడతారా? ఆవిడ పిలుపు, కసురు, నవ్వు, అన్నీ ఒకప్పుడు మన గదిలో పుస్తకాల నడుమ రికార్డయినవే, అన్నీ ఆయన చేతి మీదుగా చెరిగినవే. ఆవిడ పలక తుడిచి మరేమీ వ్రాయలేదు. వ్రాసి ఉంటే ఆయనకు కాస్త తేలికయ్యేది.

మర్నాటినుంచి వారు భోజనాల వేళ సామాన్ల గదిలో పాత డిస్కులు వెతకడం మొదలుపెట్టారు. పది రోజులు చూశాను. పదకొండో రోజు నాకే గుర్తొచ్చింది.

"ఇటుకల లారీ వచ్చిన రోజు ఏమైందండీ?" అన్నాను.

"ఏ లారీ వదినగారూ?"

"రెండు వేల పన్నెండు నవంబరు. వెనక వీధిలో ఇటుకలు దించుతున్నారని చదువు ఆపించాను. మీరు రికార్డింగు ఆపలేదు, ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. ఆవిడ లోపల కూర్చుని మీ మీద విసుక్కుంటున్నారు. అంతలో కంప్యూటరు బిగుసుకుపోయింది. మర్నాడు ఆ అధ్యాయం మళ్ళీ మొదటినుంచి చదివారు. ఆ ముక్కను మీరు శుభ్రం చేయలేదు, అసలు తెరవనే లేదు."

వారు తింటున్న డబ్బా మూత పెట్టేశారు.

ఆ పాత కంప్యూటరు అటక మీద దొరికింది. దాని డిస్కు మూలుగుతూ తిరిగింది. పాడైన చోట్లు వదిలి, దొరికినంత మేర మరో డిస్కుకు నకలు తీయడానికి రెండు రోజులు పట్టింది. అందులో పేరూ ఊరూ లేని ముక్క ఒకటి ఉంది. ప్రోగ్రాము మధ్యలో కూలిపోయినందున, ఏ వేగంతో పట్టినదో, ధ్వనిని కోసి దాచిన ఒక్కొక్క చుక్క ఎంత కొలతో చెప్పే తలకట్టు దానికి లేదు. అవన్నీ మనమే ఊహించి చెప్పాలట. వారు మొదట ఒకటి చెప్పారు. రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు మోత. మరొకటి చెప్పారు, మళ్ళీ మోత. మూడోసారి ఆ మోత లోపలినుంచి ఒక ఆడమనిషి గొంతు లేచింది.

వారి కళ్ళు నిండాయి. "ఇదే వదినగారూ. అక్కే."

నేను హెడ్‌ఫోను ఒక చెవికి ఆనించుకుని విన్నాను. "కాదు" అన్నాను.

"కాకపోవడమేంటి? మాటలు తెలుస్తున్నాయిగా."

"మాటలు ఆవిడవే. గొంతు, ఆవిడకో చెల్లెలుంటే ఆమెది. సన్నగా ఉంది, బస్సు అందుకోవడానికి పరిగెత్తుతున్నట్టుంది."

"వదినగారూ, మన గదిలో పట్టేదంతా క్షణానికి నలభై ఎనిమిది వేల చుక్కలు. అది నియమం. ఇరవై ఏళ్ళుగా ఒకటే వేగం."

"నియమం మీది. గొంతు ఆవిడది. ఆవిడ కోపమొస్తే వేగం పెంచదు, తగ్గిస్తుంది. మీకు తెలియదా?"

వారు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. యంత్రాన్ని అడగలేదు, నన్నూ అడగలేదు, రెండు వేల పన్నెండో సంవత్సరాన్ని అడుగుతున్నట్టున్నారు. కొంతసేపటికి, "ఆ నెల మన మంచి పెట్టె మరమ్మతుకు వెళ్ళింది" అన్నారు మెల్లగా. "బీరువాలోని పాతదే తగిలించాను. దానిది నలభై నాలుగు వేల ఒక వంద."

ఆ అంకె వేశారు. పరుగెత్తుతున్న మనిషి నిలబడింది.

"ఒరేయ్ చెవులోడా, ఆకలేస్తోంది. ఆ ఇటుకలు అయ్యేదాకా నేనిక్కడ చదువు ఆపి కూర్చోవాలా? వదినా, వీడికి నువ్వైనా చెప్పు, చెవులు తప్ప వీడికి ఇంకేమీ పెరగలేదు."

ఆ తరువాత నవ్వు. నవ్వు మధ్యలో దగ్గు. దగ్గు వెనక ఇటుకల చప్పుడు. ఆ వెనక తమ్ముడుగారి గొంతే, పదేళ్ళు చిన్నది: "సరేలే అక్కా, ఇదంతా కట్ చేసేస్తాలే."

"నన్నే కట్ చేసెయ్యి, పీడా పోతుంది."

మొత్తం పదకొండు నిమిషాలు. ఇరవై ఏడేళ్ళకు పదకొండు నిమిషాలు. అలవాటు చొప్పున వారి చేయి ఇటుకల చప్పుడు తీసివేసే ప్రోగ్రాము వైపు వెళ్ళింది, అక్కడే కాసేపు ఉండి వెనక్కి వచ్చింది. నేనేమీ అనలేదు, ఒట్టు.

ఆ సాయంత్రం వంటింటి బల్ల దగ్గర అక్కగారు ఆ పదకొండు నిమిషాలూ కళ్ళు మూసుకుని విన్నారు. పలక అందుకుని, "ఇంత గయ్యాళినా?" అని వ్రాశారు.

"ఇంకా ఎక్కువ. ఆ రోజు వదినగారు ఉన్నారని తగ్గించావు" అన్నారు తమ్ముడుగారు.

ఆవిడ తుడిచి, "మళ్ళీ పెట్టు" అని వ్రాశారు. ఆ మాట ఇక తుడవలేదు. ఆరోసారికి ఆవిడ పెదవులు ఆ మాటలతోపాటు, సరిగ్గా ఆ వేగంతో కదలడం మొదలుపెట్టాయి. తమ్ముడుగారు స్పీకరు వైపు చూడడం మాని పెదవుల వైపే చూస్తూ ఉండిపోయారు. నేను వసారాలోకి వచ్చి నిలబడ్డాను. తలుపు దగ్గర ఉండడం నాకు అలవాటే కదా.

ఆ మరుసటి వారం వారు గోడ మీది నియమాన్ని తీసివేసి, వినేవారికి శుభ్రమైన ప్రతి, దాచుకోవడానికి అసలు ప్రతి, రెండూ ఉండాలని క్రొత్త నియమం వ్రాశారు. ఇప్పుడున్న చదువరుల దగ్గులూ, నవ్వులూ, నా "ష్, చప్పుడు చేయకండి" కూడా మన భాండారంలో భద్రంగా ఉన్నాయి. వారి సాంకేతిక సేవలన్నిటిలో దీనినే నేను అగ్రస్థానంలో నిలుపుతున్నాను.

వచ్చే సోమవారంనుంచి ఆ కుర్చీలో మరొకరు కూర్చుంటారు. మంచి మనిషే, చదువుకున్న మనిషే. కానీ, చదువు ఆగిన ప్రతిసారీ గది అద్దపు కిటికీ వెనకనుంచి తల పైకెత్తి, "వదినగారూ, బయట ఏమిటా చప్పుడు?" అని అడిగే గొంతు కోసం నా చెవి కొన్నాళ్ళు అటే తిరుగుతుంది. తిరగనీ.

అయ్యా చెవులాయనగారూ, ముప్పైనాలుగేళ్ళు పరుల మాట విన్న మీ చెవులు చల్లగా ఉండుగాక. మీ ఒంటికి ఆరోగ్యము, మీ అక్కగారికి దీర్ఘాయువు, మీ ఇద్దరి నడుమ ప్రతి పూటా ఒక చిన్న గొడవ సమృద్ధిగా కలుగుగాక. మీరు నోటితోనూ ఆవిడ సుద్దముక్కతోనూ తగవులాడుకుంటూ నిండు నూరేళ్ళు దాటి, ఒక్క నిట్టూర్పు కూడా వృథా పోనివ్వకుండా జీవించాలని, తలుపు పక్కన కూర్చుని మీ పని విన్న మనిషిగా మనసారా కోరుకుంటున్నాను.