యామిని గొడుగు విప్పితే రైలు ఆగలేదు

పొద్దుటి నుంచీ కరెంటు లేదు. అక్కుపల్లిలో సూర్యకుమారి ఇంటి అరుగు మీద ముగ్గురు కూర్చుని జీడిపళ్ళ నుంచి పిక్కలు తిప్పి తీస్తున్నారు. సూర్యకుమారి, ఆమె కోడలు చందన, పక్కింటి అప్పలసూరి. నాలుగో మనిషి యామిని స్తంభానికి ఆనుకుని కబుర్లు చెబుతోంది. ఆమె సూర్యకుమారి అక్క కూతురు. పూణేలో సోలార్ పలకల మీద పరిశోధన చేస్తుంది. తల్లి పోయాక ఏడాదికోసారి ఈ ఇంటికే వస్తుంది. వచ్చింది మొదలు ఆ నోటికి మూత ఉండదు.

“డాబాల మీదుండే పలకల్లాటివి కావు వదినా నాను సేసేవి. ఎంట్రుకని నిలువునా వంద పాయలు సీలిత్తే ఒక్క పాయ ఎంతుంటాదో, అంత పల్చన. గాజుముక్క మీద సుక్కెడు మందు యేసి బొంగరంలాగ గిర్రున తిప్పీడమే, పొరలాగ పరుసుకుంటాది. దాని మీద ఎలుగు పడితే కరెంటు. గోరంత ముక్క సేసి, బుల్లి ఫేను తగిలించినాను. తిరిగినాది.”

“తిరిగినాదా!” అంది చందన.

“తిరగడమేటి! ఆ గాలికి మా గైడు గారి బల్ల మీద కాయితాలన్నీ ఎగిరిపోనాయి. కాయితాల ఎనకాల ఆయన జుట్టూ ఎగిరిపోనాది. అప్పటిదాకా అది విగ్గని ఎవలికీ తెలీదు. ఆ తర్వాత ఏటైనాదో తెలుసా?”

“ఏటైనాదే?” అన్నాడు అప్పలసూరి.

“మందు కొంచెం మిగిలిపోనాది మావా. పారబొయ్యడానికి మనసొప్పక నా నల్లగొడుగుకి పూసీసినాను. మొన్న ఊరొస్తుంటే ఇశాపట్నం దాటినాక మంచి ఎండ కాసినాది. కిటికీలోంచి గొడుగు బయటికెట్టి ఇప్పినాను. కాడ ఎల్లి ఊసకి తగిలినాది. అంతే, రైలు ఒకటే దౌడు! శ్రీకాకుళం రోడ్డు టేసన్లో ఆగలేదు. టీసీ పరిగెట్టుకొచ్చి ‘మేడమ్, నౌపడాలో దిగేవోళ్ళు ఏడుత్తన్నారు, గొడుగు ముడిసీండి’ అని దండం పెట్టినాడు. జాలేసి ముడిసినాను. అయినా ఆ ఊపుకి పలాస దాటిపోయి సోంపేట కాడ ఆగినాది.”

“మరి పలాసలో ఎలాగ దిగినావు?”

“గొడుగు ఎనక్కి తిప్పి పట్టుకున్నాను.”

అప్పలసూరి పిక్క పక్కన పడేసి పగలబడి నవ్వాడు. యామిని ఇంకా ముందుకు జరిగింది.

“అక్కడితో అయిపోనాదా? మర్నాడు మన ఒడ్డుకి తీసుకెల్లి పడవకి కట్టినాను. పడవ నీళ్ళమీద ఆగితే గదా! సముద్రాన్ని అంచు పట్టుకుని దుప్పటిలాగ లాగీసినాది. అడుగున సేపలన్నీ ఎండలో తెల్లబోయి సూత్తన్నాయి.”

“నానిక్కడే ఉన్నాను, సూళ్ళేదే!”

“నువ్వు నిద్దరోతన్నావు మావా.”

“అయితే ఆ గొడుగు తే. కరెంటు లేక సత్తన్నాం,” అంది చందన.

“ఇంకెక్కడిది? సూర్యనారాయణమూర్తి సొయంగా అరసవిల్లి నుంచి ఒచ్చినాడు. ఏడు గుర్రాలూ ఎండకి నురగలు కక్కుతన్నాయి, నూతికాడ నీళ్ళు తాపినాను. ‘అమ్మా, నీ గొడుగుంటే జనం నాకు దండాలు మానేత్తారు, ఇచ్చీ’ అన్నాడు. దేముడు సెయ్యి సాపితే ఎలా కాదంటాను, ఇచ్చీసినాను.”

“అంత గొప్పదానివి గదా, మరక్కడ నీ ల్యాబువోళ్ళేటన్నారు?” అన్నాడు అప్పలసూరి, ఇంకా నవ్వుతూనే.

“అబ్బో! నా పొర పనిసేసింది దీపావళి నాడు మావా. ల్యాబు ల్యాబంతా నా సుట్టూ మూగిపోనారు. ఒకలు సేతులట్టుకుని ఊపీడం, ఒకలు నోట్లో మిఠాయి కుక్కీడం. ఆ రాత్రి అందరూ కలిసి నన్ను భోజనానికి తీసుకెల్లినారు. నా పక్కన కూకోడానికి కొట్టుకున్నారు.”

సూర్యకుమారి చేతులు ఆగాయి.

“సూర్యుడొచ్చినాడన్నావు, ఊరుకున్నాను. ఇది మాత్తరం నమ్మనే.”

“ఏం పిన్నీ?”

“దీపావళి నాడు ల్యాబులో ఎవలుంటారే? ఎవలిళ్ళకి ఆళ్ళు పోరేటి?”

అప్పలసూరి మళ్ళీ నవ్వబోయి, యామిని మొహం చూసి మానేశాడు. యామిని ఒక పండు తీసుకుని పిక్క తిప్పింది. రాలేదు. ఇంకోసారి తిప్పింది.

“ఎవలూ లేరు,” అంది. “ఫేను మాత్తరం నిజంగానే తిరిగినాది పిన్నీ. రెండేళ్ళనుంచీ సేత్తంటే అదే మొదటిసారి. తలెత్తి సూత్తే కుర్సీలన్నీ కాళీ. గైడు గారికి మెసేజీ పెట్టినాను. బొటనేలు బొమ్మ పంపినారు.”

“మాకు ఫోను సెయ్యకపోనావా?”

“సేసినాను. పండగ గదా, ఇల్లంతా జనం, ఒకటే గోల. ‘తిన్నావేటే’ అన్నావు. ‘తిన్నాను’ అన్నాను. ఆ గోల్లో ఎక్కడ మొదలెట్టాలో తెలీలేదు.”

సూర్యకుమారికి ఆ ఫోను గుర్తులేదు. గుర్తున్నట్టు తల ఊపడానికి కూడా మనసు రాలేదు.

“మరేటి సేసినావు?”

“కిందికి దిగి ఆటో ఎక్కీసినాను. తోలేది ముసలాయన. ఎక్కడికంటే సెప్పడానికి సోటు లేదు, ఊరికే తిప్పమన్నాను. దారంతా టపాసులు. ఎనకాల కూకోని, పొర ఎలాగేసినానో, ఫేను ఎలాగ తిరిగినాదో అన్నీ ఆయనకి సెప్పీసినాను.”

“హిందీలోనా?” అంది చందన.

“కాదొదినా. ఇలాగే, మన మాటలోనే.”

“ఆయనకర్థమైనాదేటి?”

“ఒక్క ముక్కా అవ్వలేదు. అయినా తిరిగొచ్చినాక డబ్బులడగలేదు, దిగమన్లేదు. ఇంజనాపీసి, నా మాట అయ్యేదాకా కూకున్నాడు.”