శాలేమురాజు గారి ‘చూద్దాం’

1989వ సంవత్సరం జూలై మూడవ తేదీ, సోమవారం ఉదయం పది గంటలకు, కొలకలూరు వాస్తవ్యులైన శ్రీ మేకల శాలేమురాజు గారు మన వరి విత్తన రైతుల సహకార సంఘం రేపల్లె శాఖలో జూనియర్ అసిస్టెంటుగా తొలి సంతకం చేశారు. 2025 జూన్ ముప్పయ్యవ తేదీ సాయంత్రం తెనాలి ప్రధాన కార్యాలయం నుండి పరిపాలనాధికారిగా సగౌరవంగా పదవీ విరమణ పొందుతున్నారు. ముప్పయ్యారు సంవత్సరాలకు రెండే రెండు రోజులు తక్కువ. ఆ రెండు రోజులూ ఉండిపోండి సార్, లెక్క సరిపోతుందని మేము వేడుకగా అంటే, వారు తమ సహజ గాంభీర్యంతో ‘చూద్దాం’ అన్నారు. ఈ అభినందన వ్యాసమంతా ఆ ఒక్క మాట గురించే.

కార్యాలయాల్లో ‘చూద్దాం’ అంటే అర్థమేమిటో చదువరులకు విడమరచి చెప్పనక్కరలేదు. కాదనలేక, అవుననలేక, వచ్చినవారిని నొప్పించకుండా మెట్లు దింపడానికి వాడే మర్యాద మాట అది. శాలేమురాజు గారిదీ ఆ బాపతేనని మనలో చాలామందిమి చాలాకాలం పొరబడ్డాం. రేపల్లెవారు మాత్రం పొరబడలేదు. విత్తనం మొలకెత్తలేదని ఒక రైతు మొర పెట్టుకుంటే ‘చూద్దాం’ అన్న ఆ కొత్త గుమాస్తా, మర్నాడు సైకిలు మీద అతని చేలోకి వెళ్లి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నారుమడిలో దిగి, నిజంగానే చూసి వచ్చారట. ఆ రైతుకు వారం తిరక్కుండా కొత్త విత్తనం అందింది.

1997లో సీనియర్ అసిస్టెంటుగా బాపట్లకు బదిలీ అయ్యారు. అక్కడి ఏడేళ్ల సేవలో విత్తన పరీక్షల రికార్డులను వారు తీర్చిదిద్దిన తీరు నేటికీ మనకు ఒరవడి. అయితే వారి సతీమణి, ఉపాధ్యాయిని శ్రీమతి ప్రమీల గారిని కదిలిస్తే రికార్డుల సంగతి రాదు, సముద్రం సంగతి వస్తుంది. ఊరికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న సూర్యలంక సముద్రం చూపించమంటే శాలేమురాజు గారు ‘చూద్దాం’ అన్నారట. నాలుగేళ్లు పట్టింది. “అదేం మనిషోనండీ! తీసుకెళ్లిన రోజు మాత్రం తెల్లారి వెళ్తే పొద్దుగూకే దాకా కదలనివ్వలేదు” అని ఆమె ఫిర్యాదు చేస్తూనే మురిసిపోతారు.

2004లో సూపరింటెండెంటుగా తెనాలికి వచ్చారు. మూడు కార్యాలయాలనూ కలుపుతూ టెలిఫోన్ ఎక్స్ఛేంజి నెలకొల్పింది ఆ ఏడాదే. విజయవాడ నుండి ఆ పెట్టెను బస్సులో, పసిబిడ్డను పెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని తెచ్చినవారు సాక్షాత్తూ శాలేమురాజు గారే. రెండేళ్ల తరువాత దాని ముందు ఆపరేటరుగా కూర్చున్నవారు శ్రీమతి లాల్ బీ గారు. ఆమెకు చూపు లేదు. ఇంటిల్లిపాదికీ ఆ కుర్చీయే ఆధారం. ఫోను ఎత్తగానే “నమస్కారమండి, ఏ ఊరండి?” అని అడుగుతారు. ఊరి పేరు చెవిన పడితే చాలు, పలికింది ఎవరో, పని ఏమిటో, ఏ సెక్షనుకు కలపాలో ఆమెకు తెలిసిపోతుంది.

యంత్రానికి వయసు మీద పడింది. 2015 నాటికి వాన చినుకు పడితే చాలు, బాపట్లకు చేసిన ఫోను రేపల్లెలో మోగేది. అధ్యక్షులవారు లెక్కల సెక్షనుకు చేస్తే గోదాము కాపలాదారు “ఎవురూ?” అని పలికేవాడు. కొత్త ఎక్స్ఛేంజి కొందామని ఫైలు పెట్టారు. శాలేమురాజు గారు ‘చూద్దాం’ అని రాశారు. మరుసటి ఏడాదీ అదే రాశారు. తొమ్మిదేళ్లలో ఆ ఒక్క ఫైలు మీద పదకొండు ‘చూద్దాం’లు పడ్డాయి. వెనుక మనం ఎన్నెన్ని అనుకోలేదు! పెద్దాయనకు చాదస్తమన్నాం, పాత పెట్టె మీద మమకారమన్నాం. అసలు కారణం వేరు. కొత్త యంత్రాలు ఫోను చేసినవారిని తామే పలకరిస్తాయని, ఆపరేటరు పోస్టు అక్కరలేదంటారని వారు విని ఉన్నారు. లాల్ బీ గారి కుర్చీ తన సంతకంతో పోకూడదన్నదే వారి బెంగ. ఆ బెంగను ఇంట్లో కూడా చెప్పుకోలేదు.

2024 జూన్‌లో, సరిగ్గా నారు పోసే రోజుల్లో, పిట్టలవానిపాలెం నుండి మంగాయమ్మ అనే మహిళా రైతు బస్సెక్కి నేరుగా ఆఫీసుకు వచ్చారు.

“మూడ్రోజుల బట్టి ఫోను చేస్తన్నానండి. మోగుతానే ఉంది, ఒక్కరూ తియ్యరు. ఇత్తనాలు ఉన్నాయో లేదో చెప్పేవాళ్లే లేరా?” అని నిలదీశారు.

“నేను కుర్చీలోనే ఉన్నాను పిన్నీ. మీ ఫోను ఇక్కడ ఒక్కసారి కూడా మోగలేదు” అన్నారు లాల్ బీ గారు. ఆ గొంతులోని అవమానం శాలేమురాజు గారికి గుండెలో గుచ్చుకుంది.

అధ్యక్షులు శ్రీ కోటేశ్వరరావు గారు ఆ సాయంత్రమే పిలిపించారు. “ఇంక చూద్దాం గీద్దాం కుదరదండీ శాలేమురాజు గారూ. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని చెప్పే యంత్రం తెప్పిద్దాం. ఆ ఆపరేటరు పోస్టు తీసేద్దాం. సోమవారానికల్లా మీ రిపోర్టు నా బల్ల మీదుండాలి.”

మన శాలేమురాజు గారు ఏం చేశారంటే, తమ కుర్చీ తెచ్చుకుని ఎక్స్ఛేంజి గదిలో వేసుకున్నారు. నోటుబుక్కు తెరిచి, వచ్చిన ప్రతి ఫోనుకూ ఒక గీత గీస్తూ రెండు రోజులు కూర్చున్నారు.

“ఏంటి సార్, నా పక్కన కూర్చుని ఏదో గీస్తన్నారు?” అని అడిగారు లాల్ బీ గారు.

“చూస్తున్నానమ్మా.”

“చూసేది మీరు, వినేది నేను. దీన్ని చూస్తే ఏం తెలుస్తదండీ? ఓసారి వినండి” అంటూ ఆమె హెడ్‌ఫోను తీసి వారి చెవులకు పెట్టారు.

బాణలిలో నూనె కాగుతున్నట్టు ఒకటే చిటపట. దాని అడుగున ఎక్కడో సన్నగా “అమ్మా, వినపడతందా?” అని ఒక మనిషి. ఇన్నేళ్లుగా ఈమె ఈ రొదలోంచా ఊళ్ల పేర్లు ఏరుకుంటున్నది! శాలేమురాజు గారికి కన్నీళ్లు ఆగలేదు. దాచుకున్నదంతా బయటపడింది.

“ఇది మారిస్తే మీ కుర్చీ పోతుందని భయపడ్డానమ్మా. అందుకే తొమ్మిదేళ్లు ఆపాను.”

“అయ్యో సార్! మీరు ఒళ్లో పెట్టుకుని తెచ్చిన పెట్టె కదా, మార్చమంటే చిన్నబుచ్చుకుంటారని నేను నోరు మూసుకు కూర్చున్నా. నా చెవులు పోతన్నాయండి దీంతో! గుంటూరులో నా స్నేహితురాలికి కొత్తది ఇచ్చారు. ఎవరు చేస్తన్నారో పేరు చెవిలో చెప్పేస్తదంట.”

“మరి ముందే చెప్పొచ్చు కదమ్మా?”

“మీరు ముందే అడగొచ్చు కదండీ?”

తొమ్మిదేళ్ల బరువు ఆ ఒక్క మాటతో దిగిపోయింది. ఇద్దరూ పగలబడి నవ్వుతుంటే, ఏం ప్రమాదం జరిగిందోనని పక్క సెక్షన్లవాళ్లం పరుగెత్తుకు వెళ్లాం. ఎప్పుడూ నవ్వి ఎరగని పెద్దాయన కళ్లజోడు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. ఆ దృశ్యం చూసిన మాకు కూడా ఎందుకో ప్రాణం హాయిగా అనిపించింది.

సోమవారం నాటి రిపోర్టు ఐదే వాక్యాలు. “రెండు రోజుల్లో నూట పన్నెండు మంది ఫోను చేసిరి. తమకు ఏ సెక్షను కావలెనో తెలిసినవారు తొమ్మిది మంది. తక్కినవారికి తెలిసినది తమ ఊరు, తమ కష్టము మాత్రమే. కావున ఎక్స్ఛేంజి మార్చవలెను. ఆపరేటరును మార్చరాదు.” అధ్యక్షులవారు రెండుసార్లు చదివి, “ఈ ముక్క అప్పుడే రాసుంటే పోయేది కదండీ!” అంటూ అక్కడికక్కడే సంతకం చేశారు. శాలేమురాజు గారు ఆ రోజు మధ్యాహ్నం, సర్వీసులో మొదటిసారి, భోజనానికి అరగంట ముందే లేచారు.

నవంబరులో కొత్త ఎక్స్ఛేంజి వచ్చింది. తొలి ఫోను బాపట్ల నుండి తామే చేస్తామని శాలేమురాజు గారు పట్టుబట్టి వెళ్లారు. శాఖ ఫోను నుండి చేస్తే కొత్త యంత్రం శాఖ పేరే గానీ తమ పేరు చెప్పదు కదా, లాల్ బీ గారు తమను గుర్తుపడతారో లేదో చూద్దామని వారి సరదా. తెనాలిలో మోగింది. “నమస్కారమండి, ఏ ఊరండి?” అని స్పష్టంగా వినబడేసరికి వారు పలకడం మరిచి, రిసీవరును చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకున్నారు. ఇటునుండి లాల్ బీ గారు, “శాలేమురాజు సార్, చూసింది చాలు, మాట్లాడండి” అన్నారు.

అట్టి సహృదయులు, మితభాషులు, మా అందరికీ పెద్దదిక్కు అయిన శ్రీ శాలేమురాజు గారు, ప్రమీల గారితో కూడి, కుమార్తె బ్లెస్సీ ముద్దుముచ్చటలు కనులారా చూస్తూ, దైవకృపతో ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మూడు కార్యాలయాల సిబ్బంది పక్షాన మనసారా కోరుతున్నాం. ఈ మాట వేదిక మీద చదివినప్పుడు వారు కళ్లజోడు సవరించుకుని ఏమంటారో మాకు తెలుసు. అనండి సార్, ‘చూద్దాం’ అనే అనండి. మీరు చూద్దామన్నది ఆలస్యమైతే అయి ఉండవచ్చు గానీ, జరగకుండా పోయింది మాత్రం ఇంతవరకు ఒక్కటీ లేదు.