మూడు లక్షల మైళ్ల బండి

మోంటానాలోని ఒక పశువుల రాంచ్‌లో పాత పికప్ ట్రక్కు మళ్లీ మొరాయించింది. వంటింటి బల్ల దగ్గర భర్త రాస్తున్న రిపేరు లెక్క చూసేసరికి భార్యకు ఒళ్లు మండింది.

"క్లచ్, గేర్‌బాక్సు కలిపి నాలుగు వేల డాలర్లా? అది నీ మోకాలి ఆపరేషన్‌కు దాచింది కదూ?"

"మోకాలు వచ్చే ఏడు చూసుకుందాంలే. బండి లేకపోతే దూడలకు గడ్డెవరు మోస్తారు, నువ్వా?"

"నిరుడూ ఇదే మాటన్నావు. నిరుడే కదా కొత్త క్లచ్ వేయించావు!"

"మూడు లక్షల మైళ్లు తిరిగిన బండి, అరగదా మరి?"

"బండి ముసలిదై కాదు. ఎడమ మోకాలు నొప్పని నువ్వు క్లచ్ సగమే తొక్కుతున్నావట. అందుకే కాలిపోతోందని మెకానిక్ ఆర్లో చెప్పాడు."

అతని పెన్సిల్ ఆగింది.

"నీకెందుకు చెప్పాడు వాడు?"

"నీకు చెప్పీ చెప్పీ విసుగొచ్చిందట. ఆ కాగితం మీద అన్నిటికంటే పైన మోకాలు రాయి. రాయనంటావా, వచ్చే ఏటి క్లచ్ కూడా ఇప్పుడే రాసేసుకో!"