గుట్టమీద గాలి పెట్టె

ఒట్టేసి చెబుతున్నాను నాయనా, ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా రెండు కళ్ళూ పోతాయి. ఒకటి ఎలాగూ సగమే కనిపిస్తుందనుకో, అయినా ఒట్టు ఒట్టే. ఇలా అరుగుమీద కూర్చో. గుట్టమీది గాలి కొలిచే పెట్టె తుడవడానికేగా పోతున్నావు? అదేం పారిపోదులే.

ఆ పెట్టె లెక్క చూపించడానికి స్టేషన్లో మీ ఆఫీసు వాళ్ళు తగిలించిన బోర్డు చూశావా ఇవాళ? పచ్చగా వెలుగుతోంది. గాలి బాగుందట. ఎవరికయ్యా బాగుంది? పొద్దున మా కోడలు రైలుకని గేటు దాటిందో లేదో, పొగలో మాయమైపోయింది. మనిషి లేదు, సంచీ లేదు, దగ్గు ఒక్కటే వినిపిస్తూ పోయింది. ఆ దగ్గు ఆగాకే రైలెక్కిందనుకున్నాను.

నవ్వకు. నేను పెంచి చెబుతానని వీధంతా అంటారు. పెంచితే మాత్రం ఎంత, చిటికెడు.

బోర్డు ఎర్రగా ఉంటే బడిలో పిల్లల్ని లోపల కూర్చోబెడతారు. పచ్చగా ఉంటే మైదానంలో పరుగెత్తిస్తారు. మా మనవరాలికి ఉబ్బసం. ఆటలు మానిపించరా అంటే మా అబ్బాయి, "బోర్డు పచ్చగానే ఉందిగా అమ్మా" అంటాడు. కన్నతల్లి కంటే బోర్డే ఎక్కువైంది వాడికి.

నిజం చెప్పు, ఆ పెట్టెకి ఎవరైనా లంచం తినిపిస్తున్నారా? ఎండాకాలం మేం హాయిగా ఉంటే ఎరుపు చూపిస్తుంది. చలికాలం మేం చస్తుంటే పచ్చ. అంత తలకిందులు ఊరికే వస్తుందా? స్టేషన్ ముందు కార్లు నిలబెట్టించే కాంట్రాక్టరు నీకు బావమరిదేమోనని కూపీ లాగాను. కాదట. అసలు నీకు పెళ్ళే కాలేదట. సరే, ఆ అనుమానం అక్కడితో పోయింది.

అందుకని నిన్న నేనే ఎక్కాను గుట్ట, ఈ మోకాళ్ళతో. దారిలో ఎన్నిసార్లు చచ్చి బతికానో. పైన నీళ్ళ ట్యాంకు పక్కన నీ పెట్టె నిగనిగలాడుతూ ఎండ కాచుకుంటోంది. కిందికి చూస్తే ఊరు లేదు. చుట్టూ కొండలు, నడుమ గిన్నెలా మా ఊరు కదా, ఆ గిన్నెమీద ఎవరో బూడిదరంగు మూత పెట్టేశారు. ఇంజన్లు ఆపకుండా రైలు కోసం కాచుకున్న కార్ల పొగ, చలిమంటల పొగ, అంతా ఆ మూత కిందే మగ్గుతోంది. నీ పెట్టె మాత్రం మూతకి పైన కూర్చుని బాగుంది, బాగుంది అంటోంది.

ఏమిటీ? బిగించింది నడివేసవిలోనా? అప్పుడు గాలి ఊళ్ళో పొగనంతా గుట్టమీదికే తోసేదా? అక్కడే ఘోరంగా ఉందని అక్కడ పెట్టారా? అంటే మోసమేం లేదన్నమాట. తర్వాత చలికాలం కూడా వస్తుందని ఎవరికీ గుర్తు రాలేదు, అంతేనా? మోసమైతేనే బాగుండేది నాయనా. తిట్టడానికి ఓ మనిషైనా దొరికేవాడు.

నిన్న సాయంత్రం బడినుంచి వచ్చిన పిల్ల పెదాలు సిరా పూసినట్టున్నాయి. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

పెట్టె దించాలంటే పైవాళ్ళ సంతకాలు కావాలా? కానీ, తెప్పించుకో. అది తర్వాత. ఆటల గంట కొట్టే వేళవుతోంది. నేను వెళ్తే పెద్ద టీచరమ్మ "మామ్మగారూ, బోర్డు చూడండి" అంటుంది. పోనీ పోట్లాడదామన్నా, నిన్న గుట్ట ఎక్కినందుకు మోకాళ్ళు గుమ్మడికాయలైపోయాయి. నీ మెడలో ఆఫీసు కార్డుంది, నీ మాట వింటుంది. ఆ పచ్చరంగు గుట్టకేగానీ బడికి కాదని చెప్పు.

సంచీ ఇక్కడ పెట్టు, త్వరగా నడవచ్చు. ఇదిగో, పిల్ల పీల్చుకునే మందు. హడావిడిలో మర్చిపోయి వెళ్ళింది. టీచరమ్మకి కాదు, దాని చేతికే ఇవ్వు. గుర్తుపట్టడం కష్టమేం కాదు. అందరూ పరుగెత్తుతుంటే, నడుం పట్టుకుని వెనకాల నిలబడిపోయి ఉంటుంది.